అది పిట్ట కాదు, నేను

మన నాటక పరిషత్తు వారు పోటీలు జరిపిన ప్రతి ఏడూ ఒక ప్రత్యేక సంచిక వేస్తారు. అందులో నటులు రాశారు, దర్శకులు రాశారు, రంగులు వేసేవారు రాశారు. ఒక ఏడాది తెరలు అద్దెకిచ్చే ఆయన చేత కూడా రాయించి, పైన ఫోటో వేశారు. ప్రాంప్టర్‌ని అడగాలని మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. ఈసారి అడిగారు. అదీ ఎందుకంటే, రాస్తానని మాటిచ్చిన పెద్దమనిషికి కంటి ఆపరేషన్ అయింది, ఆయనకి కేటాయించిన పేజీలు ఖాళీగా మిగిలాయి. ఈ సంగతి నాకు తెలియదని సంపాదకులు అనుకుంటున్నారు. తెలుసు. అయినా రాస్తున్నాను. పేజీలు చాలకపోతే చివర కోయవద్దని మనవి. అసలు విషయం చివరే ఉంది.

ప్రాంప్టర్ అంటే ఏమిటో ఇప్పటి కుర్రవాళ్ళకి చెప్పాలి. నాటకం ఆడుతున్నంతసేపూ పక్క తెర చాటున పుస్తకం పట్టుకుని నిలబడి, నటుడు మాట మరచిపోయినప్పుడు మొదటి పదం అందించేవాడు. మొదటి పదమే. రెండోది అందిస్తే నటుడికి అవమానం. జనానికి వినిపిస్తే ఇద్దరికీ అవమానం. ఇది ఎవరైనా చేయవచ్చనుకుంటారు. కష్టం చదవడంలో లేదు. నటుడు ఉన్నట్టుండి ఆగుతాడు. మరచిపోయి ఆగాడా, కావాలని ఆగాడా? మరచినవాడికి అందించకపోతే నాటకం పోతుంది. కావాలని ఆగినవాడికి అందిస్తే ఆ నటుడి ప్రాణం పోతుంది. ముఖం చూస్తే తెలియదు, ముఖం అబద్ధం ఆడటానికే ఉంది. నేను మడమలు చూసేవాడిని. పక్క నుంచి మడమలు బాగా కనిపిస్తాయి. మాట దొరకనివాడి మడమ నేల మీద నుంచి కొంచెం లేస్తుంది, పారిపోవాలనుకున్నట్టు. మాట నోట్లో పెట్టుకుని ఆగినవాడి మడమ కదలదు. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, తణుకులో, చుట్టుపక్కల జాతరల్లో ఇన్నేళ్ళు ప్రాంప్టింగ్ చెప్పాను. మరచినవాడిని వదిలేసింది లేదు. ఆగినవాడిని తట్టింది లేదు. నాకు శాలువా కప్పినవాళ్ళు లేరు, నేను చెప్పుకోవడానికి ఉన్నది ఈ ఒక్కటే. ఇది గుర్తుంచుకుని తక్కినది చదవండి.

ఏలూరులో నేను నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక హైదరాబాదు వెళ్ళి కొన్నేళ్ళు టీవీ సీరియళ్ళకి ప్రాంప్టింగ్ చెప్పాను. అక్కడ చాటూమాటూ ఏమీ లేదు. కెమెరా పక్కన నిలబడి డైలాగు గట్టిగా చదవడమే. నటి నా వెనకే అంటుంది. గొంతులు తర్వాత డబ్బింగ్‌లో వేరేవాళ్ళు చెప్తారు కాబట్టి నా గొంతు చెత్తబుట్టలోకి పోతుంది. మోకాళ్ళు నొప్పులు పట్టాక ఇంటికొచ్చేశాను.

అప్పుడే కొల్లేరు ఒడ్డున ఒక నేర పరిశోధన సీరియల్ తీయడానికి కంపెనీ వాళ్ళు వచ్చారు. చేపల చెరువుల్లో ఒక మనిషి శవం దొరుకుతుంది, బదిలీ మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆరా తీస్తాడు. అది కథ. చెరువు యజమాని వేషానికి మా గూడెం శెట్టిగారిని తీసుకున్నారు. శెట్టిగారు తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల వ్యాపారం చేస్తూ ముప్పై ఏళ్ళు నాటకాలాడిన మనిషి. ఆ ముప్పై ఏళ్ళూ ఆయనకి మాట అందించింది నేనే. వయసు మీదపడి పాఠం నిలవడం లేదు. మాస్టారు ఉంటేనే చేస్తానని ఆయన పట్టుబడితే నన్ను పెట్టుకున్నారు. కంపెనీ వాళ్ళు నన్ను అడిగి పిలవలేదు, ఆయనతో పాటు మోసుకొచ్చారు. ఇదీ రాసి ఉంచాలి.

ఇన్‌స్పెక్టరు వేషం వేసిన నటుడు మన జిల్లా ఆయన కాదు. పొడవూ కాదు, పొట్టీ కాదు. బస్సులో పక్కన కూర్చుంటే ఆయన దిగిపోయాక కూడా ఎవరు కూర్చున్నారో గుర్తు రాని ముఖం. మొదటి రోజు అలవాటు ప్రకారం పుస్తకం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. తర్వాత చాలా మెల్లగా, "నాకు అవసరం ఉండదండీ. మీరు కొంచెం పక్కగా ఉంటారా, నా చూపుకి అడ్డు రాకుండా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా తోసేస్తే తిట్టడానికి కూడా వీలుండదు. ఆ మాట నేను మరచిపోలేదు.

మొదటి వారం నాకు ఆయన నటన నచ్చలేదు. నచ్చడానికి అక్కడ నటన ఏదీ? గొంతు పెంచడు, కనుబొమ్మ ఎత్తడు. ఎదుటివాడు అరుస్తుంటే ఈయన గొంతు ఇంకా తగ్గిస్తాడు. స్టేజీ మీద అయితే రెండో వరుసకి కూడా వినపడదు. ఈయనకి డబ్బులిచ్చి ఏం చేయిస్తున్నారండీ అని శెట్టిగారిని అడిగితే ఆయన నవ్వి, "మాస్టారూ, మీకు పని చెప్పలేదని కోపం," అన్నారు.

భీమడోలు దగ్గర ఒక పాత గోడౌన్‌లో పోలీసు స్టేషన్ సెట్టు వేశారు. అక్కడ ఒక రోజు రాజకీయ నాయకుడి వేషం వేసినాయన వచ్చి బల్ల గుద్ది రెండు పేజీలు తిట్టాలి. ఆయన గొంతు గొంతే, రేకులు అదిరాయి. ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకుంటూ ఉన్నాడు. తిట్లు అయిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. అయ్యాక పెన్నుకి క్యాపు పెట్టాడు. "కూర్చోండి," అన్నాడు. అంతే. కూర్చోవడం స్క్రిప్టులో లేదు. ఆ నాయకుడు మాత్రం కూర్చున్నాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళలో ఒకాయన కూడా ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు. నేను చేతిలో కాగితాలు చూసుకుంటే అవి ఇంకా మొదటి పేజీ దగ్గరే ఉన్నాయి. పేజీ తిప్పడం మరచిపోయాను. నా జీవితంలో అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆయన్ని తిట్టుకోవడం తగ్గించి చూడటం మొదలుపెట్టాను. ఆయన ఆగినప్పుడల్లా మడమలు చూసేవాడిని. ఒక్కసారి కూడా లేవలేదు.

ఇక ఆ రోజు సంగతి.

లంకల వైపు ఒక చెరువు గట్టు మీద చిత్రీకరణ. కథ అంతటికీ అదే ముఖ్యమైన ఘట్టం. శెట్టిగారు గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంటారు, వట్టి కాళ్ళతో. శవం దొరికిన చోట ఇన్‌స్పెక్టరు మోకాలి లోతు నీళ్ళలో ఆయనకి ఎదురుగా నిలబడి ఉంటాడు. హత్య జరిగిన రోజు తాను ఊళ్ళోనే లేనని శెట్టిగారు చెప్తారు. ఇన్‌స్పెక్టరు కాసేపు ఊరుకుని, "చెప్పులు ఎక్కడ విడిచారండీ?" అని అడుగుతాడు. చెప్పులు శవం ఉన్న పడవలో దొరికాయి కాబట్టి శెట్టిగారు తబ్బిబ్బై, పేజీన్నర మాటలతో నేరం ఒప్పుకుంటారు. ఆ పేజీన్నర కోసం మూడు రోజులు ఆయన కొట్లో బస్తాల మధ్య కూర్చుని నేను చదివిస్తే ఆయన అప్పజెప్పారు.

ఆ పొద్దున దర్శకుడు ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఈ ఒక్క ఘట్టానికీ డబ్బింగ్ వద్దు, అక్కడ పలికిన గొంతులే ఉంచుదామని. ఆ నటుడే అడిగాడని తర్వాత తెలిసింది. అంటే ఆ రోజు సెట్లో ఎవరూ తుమ్మకూడదు, ప్రాంప్టింగ్ అసలే ఉండకూడదు. ఈ మాట అందరికీ చెప్పారు, ఫోన్లో గ్రూపులో పెట్టి. నాది బటన్ల ఫోను. శెట్టిగారిది పెద్ద ఫోనే, గ్రూపులో ఆయన ఉన్నారు. కానీ ఆయన అందులో ఉల్లిపాయల ధరలు తప్ప మరేమీ చూడరు. సెట్టు మీద ఉన్న ప్రతి మనిషికీ తెలుసు, టీ పోసే ఆయనకి తెలుసు, మాట అందించడమే పనిగా ఉన్న నాకు తెలియదు.

నా తప్పు కొంత ఉంది, ఒప్పుకుంటాను. చెరువులో గాలి కొట్టే మిషన్లన్నీ ఆ రోజు ఆపించారు. పక్క చెరువు వాళ్ళ ఇంజను కూడా బతిమాలి ఆపించారు. ఇంత నిశ్శబ్దం ఎందుకని అప్పుడైనా నేను అడగవలసింది. కానీ మొదటి రోజు పక్కగా ఉండమన్న మనిషి సెట్టు మీద నేనై వెళ్ళి ఎవరినీ ఏమీ అడగకూడదని నియమం పెట్టుకున్నాను. మైకు కర్ర రోజూ పైన వేలాడుతూనే ఉంటుంది, తర్వాత డబ్బింగ్ చెప్పేవాళ్ళకి గుర్తు కోసం. అది చూసి ఏమీ పోల్చుకోలేం. నేను ఎప్పటిలాగే ఇన్‌స్పెక్టరు వెనక వైపు, గట్టు వంపు తిరిగిన చోట, కిక్కిస గడ్డి దుబ్బుల చాటున స్టూలు వేసుకుని, శెట్టిగారికి వినపడేంత దూరంలో కూర్చున్నాను. ఇక్కడ ఏం చేస్తున్నారని నన్ను ఎవరూ అడగలేదు.

షాట్ మొదలైంది. శెట్టిగారు తన మాట తడబడకుండా చెప్పారు. ఇన్‌స్పెక్టరు ఊరుకున్నాడు.

ఊరుకున్నాడంటే మామూలుగా కాదు. నేను చాలామంది మౌనాలు చూశాను. ప్రతి మౌనానికీ ఒక కొలత ఉంటుంది, అది దాటితే జనం దగ్గుతారు. ఈ మౌనం ఆ కొలత దాటింది. దాని తర్వాతది కూడా దాటింది. గట్టు అవతల ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది. నేను అలవాటు కొద్దీ ఆయన మడమల వైపు చూశాను. నీళ్ళున్నాయి. మోకాళ్ళ కింద అంతా బురద నీళ్ళు, గుర్రపుడెక్క ఆకులు. ఇన్నేళ్ళ విద్యలో ఉన్న ఒక్క ఆధారమూ నీళ్ళ కింద ఉంది. వీపు చూశాను. చొక్కా చూశాను. ఏమీ తెలియలేదు. మరచిపోయాడా అనిపించింది. ఎంత గొప్పవాడైనా ఒక రోజు మరచిపోతాడు, ఆ ఒక్క రోజు కోసమే నాలాంటివాడిని పెట్టుకునేది. అందించాను.

"చెప్పు" అనేసరికి, కెమెరా పక్కన ఉన్న కో-డైరెక్టరమ్మ నా వైపు చేయెత్తి కళ్ళురిమింది. "లు" మింగేశాను. నిశ్శబ్దంలో "చెప్పు" అన్నది ఒక్కటే మిగిలింది.

ఇన్‌స్పెక్టరు తల తిప్పాడు. ఒక్కసారిగా కాదు. దుబ్బుల వైపు నిదానంగా తిరిగి, నేనున్న చోటికే చూశాడు. నన్ను చూశాడో లేదో చెప్పలేను. నేను మాత్రం స్టూలు మీద కూర్చునే, చేయని నేరాలు కూడా చేశానేమో అనుకున్నాను. తర్వాత అంతే నిదానంగా తల వెనక్కి తిప్పి, శెట్టిగారి ముఖం వైపు కాదు, వట్టి పాదాల వైపు చూస్తూ ఉండిపోయాడు. తన మాట చెప్పలేదు. శెట్టిగారు ఆ రెండు కాళ్ళూ గట్టు మీదకి లాక్కుని పంచె కింద దాచుకున్నారు. గడ్డం వణికింది. "పడవ నేనే తోశానండీ," అన్నారు. పేజీన్నరలో ఆ మాట ఒక్కటే అన్నారు. తక్కినదంతా మరచిపోయారు. కో-డైరెక్టరమ్మ ఎత్తిన చేయి ఇంకా దించలేదు కాబట్టి నేను అందించలేదు.

కట్ చెప్పారు. తర్వాత కో-డైరెక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, ప్రాంప్టింగ్ వద్దని గ్రూపులో పెట్టాం కదండీ."

"నేను ఏ గ్రూపులో ఉన్నానమ్మా?"

"అడగాలి కదండీ మరి."

"చెప్పాలి కదమ్మా మరి."

ఇంతలో ఆ నటుడు నీళ్ళలోంచి బయటికి వచ్చి మా పక్క నుంచే వెళ్ళాడు. నా దగ్గర ఆగాడు. తిడతాడేమో, తిట్టినా మేలే అనుకున్నాను. "టీ తాగారా మాస్టారూ?" అని అడిగాడు. తాగలేదన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ టీ మాట మీద నేను ఎన్ని నెలలు ఆలోచించానో ఆయనకి తెలియదు.

మళ్ళీ తీస్తారని దుబ్బుల చాటునే కూర్చున్నాను. తీయలేదు. కెమెరా విప్పేసి భోజనాలకి వెళ్ళారు. భోజనాలయ్యాక మేనేజరు వచ్చి, రేపటి నుంచి మీరు రానక్కరలేదండీ, శెట్టిగారి పని అయిపోయింది కదా అన్నాడు. కారు ఖాళీ లేదన్నాడు. ఆటో ఎక్కి భీమడోలు, అక్కడ నుంచి ప్యాసింజరులో ఏలూరు చేరాను. దారి పొడుగునా నాది ఒకటే ప్రశ్న. నేను చేసింది తప్పయితే మళ్ళీ తీయాలి కదా. తప్పు కాకపోతే నన్ను పంపించడమెందుకు? రెండింట్లో ఏదో ఒకటే కదా కావాలి.

కొన్నాళ్ళకి సీరియల్ వచ్చింది. గూడెంలో శెట్టిగారింట్లో కూర్చుని చూశాం. చెరువు ఘట్టం వచ్చింది. నిశ్శబ్దం. నేను కుర్చీ అంచుకి జరిగాను. నా మాట రావలసిన చోట, దుబ్బుల్లోంచి ఒక నీటిపిట్ట కూసింది. నా గొంతు తుడిచేసి ఆ చోట పిట్టని పెట్టారు. ఇన్‌స్పెక్టరు పిట్ట కూత విని తిరిగి చూస్తున్నాడు. శెట్టిగారి భార్య, "అబ్బ, ఆ చూపు చూడండీ, ఒళ్ళు జలదరించింది," అన్నారు. నేను కుర్చీలో వెనక్కి జరిగాను.

తర్వాత అందరూ ఆ చూపు గురించే మాట్లాడుకున్నారు. కొల్లేరే ఆయనతో మాట్లాడిందని ఒకాయన రాశాడు. ఒక్క మాట లేకుండా నేరస్తుడి చేత నిజం చెప్పించిన నటుడని ఇంకొకరు రాశారు. అబద్ధమని నేననను. ఆ చూపు నా మీద పడింది, దాని బరువు నాకు తెలిసినంతగా వాళ్ళకి తెలియదు. ఇంకొకరైతే నా గొంతు విని ఉలిక్కిపడేవారు, కట్ అనేవారు, నా మీద అరిచేవారు. ఆయన ఆ పొరపాటుని తీసి జేబులో వేసుకున్నట్టు వేసుకున్నాడు. అది చిన్న విషయం కాదు.

అయితే ఒక ఇంటర్వ్యూలో ఆ చూపు గురించి ఆయన్నే అడిగారు. "అక్కడ ఏదో వినిపించింది. చూశాను. అంతే," అన్నాడు. ఏదో. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నా దగ్గర నేర్చుకుని వెళ్ళినవాళ్ళు దారిలో చూసి తలతిప్పుకున్నప్పుడు కూడా నేను 'ఏదో' కాలేదు.

శెట్టిగారికి ఆ వేషానికి మంచి పేరు వచ్చింది. సన్మానాలు చేశారు. అందులో దేనిలోనూ ఆయన నా మాట ఎత్తలేదు. ఒక పొద్దున ఉల్లి మార్కెట్‌లో ఆయన కొట్టుకి వెళ్ళి నిలదీశాను. బేరగాళ్ళు వెళ్ళేదాకా ఆగి, బస్తా మీద గుడ్డ పరిచి నన్ను కూర్చోబెట్టి, అప్పుడు చెప్పారు.

"మాస్టారూ, మీకు కోపం వస్తుందని చెప్పలేదండీ. మీరు 'చెప్పు' అన్నారు. ముప్పై ఏళ్ళలో మీరు నన్ను ఏకవచనంలో అనలేదు. నా వంతు దాటిపోయిందేమో, నాటకమంతా పాడుచేశానేమో, అందుకే మాస్టారికి ఇంత కోపం వచ్చిందనుకున్నాను. కాళ్ళూ చేతులూ ఆడలేదండీ. నోటికి వచ్చిన ముక్క చెప్పేశాను."

"అది చెప్పు కాదండీ. చెప్పులు."

"ఇప్పుడు తెలిసిందండీ."

"మరి ఆ వణుకు?"

"అది మీ భయమేనండీ. ఆయన భయం కాదు." మళ్ళీ ఆయనే, "ఆయన నా కాళ్ళ వైపు చూసినప్పుడు మాత్రం ఆయన భయమేనండీ," అన్నారు.

ఇద్దరం నవ్వాం. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చూసినవాళ్ళు మహానటన అన్నదాంట్లో సగం మా శెట్టిగారు నా 'నువ్వు'కి బెదిరిపోవడమే. ఆ సగానికి కారణం ఎవరని ఎవరూ అడగలేదు. కుర్రవాళ్ళకి నేను చెప్పేది ఏమీ లేదు. తెర చాటున పనిచేస్తే ఇలాగే ఉంటుంది. పని బాగా చేస్తే మీరున్నట్టు తెలియకూడదు. చెడగొడితేనే తెలుస్తుంది. నా విషయంలో అది కూడా తెలియనివ్వలేదు, అదే బాధ.

ఆ ఘట్టం ఆపి ఆపి చాలాసార్లు చూశాను. ఆయన ముఖం దగ్గర ఆపితే ముఖంలో ఏమీ లేదు. కాళ్ళ దగ్గర ఆపితే నీళ్ళు. కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. మొదటి రెండింటికి ఏమీ రాలేదు. మూడోదానికి, మీ సందేశం అందింది, ధన్యవాదాలు అని ఒక కాగితం వచ్చింది. కింద సంతకం లేదు. మేనేజరుకి ఫోను చేస్తే, సారు షూటింగులో ఉన్నారండీ అంటాడు. ఏడాదిగా ఒకటే షూటింగు.

కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. ఈ సంచిక ఆయనకి ఒక కాపీ పంపుతామని పరిషత్తు వారు నాకు మాట ఇచ్చారు. అయ్యా, టైటిల్స్‌లో నా పేరు లేదని నేను అడగడం లేదు. పిట్టని పెట్టినందుకూ అడగడం లేదు. 'ఏదో' అన్నందుకు అడగాలి గానీ, అది ఇంకో ఉత్తరం. ఇప్పుడు అడిగేది ఒక్కటే. నేను అందించే సమయానికి ఆ మాట మీ నోట్లో ఉందా, లేదా? ఉంటే, ఆగిన మనిషిని తట్టానని ఒప్పుకుని ఊరుకుంటాను. నా పనిలో అది మొదటి తప్పు, ఆఖరి తప్పు. లేకపోతే, మీరు మరచిపోయారు, నేను అందించాను, నా లెక్క నిలిచింది. ఆ సంగతి నేను ఎక్కడా చెప్పను, మీ పేరుకి మచ్చ రాదు. మా వృత్తిలో రహస్యం దాచడం మాకు అలవాటే. నాకు మాత్రం తెలియాలి. నా వయసుకి ఎక్కువ కాలం ఎదురుచూడలేను. మేనేజరు చేత రాయించకండి, మీరే రాయండి. ఒక్క మాటే కదా. ఉందా, లేదా?